రోడ్డు వైపు తిప్పిన బొమ్మ

ఆవిడ పోయిందని మా ఆయన ఫోను చూసి చెప్పినప్పుడు నేను వంటింట్లో కాకరకాయలు తరుగుతున్నాను. "పోతే పోయిందిలెండి" అన్నాను. ఆయన ఒకసారి నా మొహంలోకి చూసి, అవతలికి వెళ్ళిపోయారు. కాకరకాయలు తరిగాను, ఉప్పు రాసి పిండాను, వేయించాను. తీరా కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు కోపం పెట్టుకున్న మనిషి పోతే నాకు అన్నం సయించకపోవడమేమిటి?

ఆవిడ పేరు రాయను. రాస్తే పొగిడినట్టో, బజారుకీడ్చినట్టో అవుతుంది. నేను 'అక్కా' అని పిలిచేదాన్ని. మాది రాజమండ్రి, ఆవిడది కరీంనగర్ వైపు పల్లెటూరు. సౌదీలోని ధహ్రాన్‌లో చమురు కంపెనీవాళ్ళ ఒకే కాంపౌండులో ఎదురెదురు ఇళ్ళలో ఉండేవాళ్ళం. మా ఆయన జూనియర్ ఇంజనీరు. వాళ్ళాయన అదే కంపెనీలో ఎప్పటినుంచో ఉన్న సూపర్‌వైజరు. ఆయనకు గుండె జబ్బు. కంపెనీ ఆస్పత్రిలోనే వైద్యం.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పెళ్ళయిన పదో రోజున మా ఆయన విమానం ఎక్కారు. నేను మూడేళ్ళు అత్తగారింట్లో పడిగాపులు కాశాను. క్యాసెట్లలో మాటలు నింపి పంపుకోవడమే మా కాపురం. ఆ మూడేళ్ళ తర్వాత వచ్చింది ఫ్యామిలీ వీసా. అందుకే ఆ రెండు గదుల ఇల్లు, ఆ ఎండ, ఆ ఇసుక, అన్నీ నాకు మహా ముద్దుగా ఉండేవి. సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చి తలుపు కొడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

ఆవిడ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది మొహం కాదు, నడుముకు రిబ్బనుతో వేలాడే కత్తెర. అంత కత్తెర పెట్టుకుని కూడా దారాన్ని మాత్రం పంటితోనే కొరికేది. "కత్తెర ఉంది కదక్కా" అంటే, "కత్తెర గుడ్డకు, పన్ను దారానికి. దేని పని దానికుంటది పిల్లా" అనేది. జిగురు సీసా మూతకు ఎప్పుడూ ఒక మేకు గుచ్చి ఉండేది. ఎండిపోకుండా అట. ఆ మేకు ఎవరైనా తీసి పక్కన పెట్టారో, వాళ్ళ పని అయిపోయిందే.

కాంపౌండులో ఆడవాళ్ళు కాలక్షేపం చేసుకోవడానికి ఒక హాలుండేది. అందులో ఒక గదిలో అల్లికలు, కాగితం పూలు, బొమ్మలు నేర్పేవాళ్ళు. నేర్పేది అమెరికా ఆవిడలు. వాళ్ళు గంట కొట్టినట్టు వచ్చి, గంట కొట్టినట్టు వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక మా అక్క పని మొదలయ్యేది. బల్లల కింద దూరి, ఉన్ని ముక్కలు, ఐస్‌క్రీము పుల్లలు, ముడతల కాగితం చుట్టల చివర్లు, గుడ్ల అట్టలు ఏరేది. ఆస్పత్రిలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు కూడా వదిలేది కాదు. "పారేసెటోల్లను పారేయనియ్యే. ఏరుకునేటందుకు మనమున్నం గద" అనేది. ఏరినవి లెక్కపెట్టేటప్పుడు 'ఒకటి' అనేది కాదు. "లాభం, రెండు, మూడు..." అని మొదలుపెట్టేది. ఐస్‌క్రీము పుల్లలకు లాభమేమిటక్కా అని నేను పడీపడీ నవ్వేదాన్ని. వాళ్ళమ్మ కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు అలాగే అనేదట.

ఆ ఏరుకున్న సరుకంతా హాలోవీన్ కోసం. అక్టోబరు వచ్చిందంటే అమెరికావాళ్ళ ఇళ్ళకు దయ్యాలూ గబ్బిలాలూ వేలాడేవి. గోడ లోపల ఏం చేసుకున్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు, గోడ బయటికి మాత్రం ఏదీ కనపడకూడదు. ఇదేం పండగని నేనడిగితే ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. "మన పెత్రమాస లెక్కనే అనుకో. కాకపోతే ఈల్లు పెద్దలకు పెట్టరు, పోరగాల్లకు చాక్లెట్లు పెడ్తరు."

అలంకరణల కమిటీవాళ్ళు గుమ్మడికాయలు తెప్పించి, లోపల గుజ్జు తోడి, కళ్ళూ పళ్ళూ కోసేవాళ్ళు. తోడిన గుజ్జంతా చెత్తబుట్టలోకే. మొదటిసారి అది చూసి ఆవిడ గుండెలు బాదుకుంది. "ఇంత మంచి కాయ! పులుసు వెట్టుకుంటే ఇల్లంత తినొచ్చు గదనే!" ఆ వారం కాంపౌండులో ఉన్న తెలుగిళ్ళన్నిట్లోనూ గుమ్మడికాయ పులుసే. అయితే ఆవిడకు ఇచ్చిన కాయను మాత్రం తను కోసేది కాదు. నిండు గుమ్మడికాయకు ఆడవాళ్ళు కత్తి పెట్టకూడదు. వాళ్ళాయన డ్యూటీ దిగి వచ్చేదాకా కాయను పక్కన పెట్టుకుని కూర్చునేది. ఆయన వచ్చి, డ్యూటీలో తొడుక్కునే కవరాల్ కూడా విప్పకుండా, ఒక్క వేటు వేసి ఇంటికి వెళ్ళిపోయేవారు. అమెరికా ఆవిడలు విరగబడి నవ్వేవాళ్ళు. ఆవిడకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

నాకు బొమ్మలు గీయడం వచ్చు. అదొక్కటే వచ్చు. నేను మొదట గీసిన దయ్యాన్ని చూసి ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టేసింది.

"గిదేం దయ్యమే? పెండ్లిచూపులకు కూసున్నట్టున్నది!"

"మరెలా ఉండాలక్కా?"

"కండ్లు బయటికి రావాలె. నాలిక యాలాడాలె. మన దిక్కు కొత్తిల్లు కడ్తే ముంగట దిష్టిబొమ్మ కట్టరా? సూడలేదా ఎన్నడు? గట్ల గియ్యి."

గీశాను. మిటకరించిన కళ్ళు, కోరపళ్ళు, వంపు తిరిగిన మీసాలు. కమిటీవాళ్ళకు తెగ నచ్చింది. ఇదెక్కడి కళ అని అడిగారు. "మాది" అంది ఆవిడ నా భుజం మీద చెయ్యేసి. 'మాది' అన్నందుకు నేనెంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాత గల్ఫ్ యుద్ధం వచ్చింది. చాలామంది ఇళ్ళకు తాళాలేసి వెళ్ళిపోయారు. మా ఆయననూ, వాళ్ళాయననూ ప్లాంటు వదలడానికి వీల్లేదన్నారు. మా నాన్న ఫోను మీద ఫోను, వచ్చెయ్యమని. మూడేళ్ళు ఎదురుచూసి వచ్చినదాన్ని, నేను కదలనని భీష్మించుకున్నాను. ఆవిడా కదల్లేదు. బాంబుల్లో విషపు గ్యాస్ వస్తుందేమోనని, ప్రతి ఇంట్లో ఒక గదికి కిటికీలన్నీ ప్లాస్టిక్ షీటుతో కప్పి టేపు వేసుకోమన్నారు. షీటూ టేపూ ఇచ్చి వెళ్ళారు. నేల మీద కూర్చుని భోరుమన్నాను.

ఆవిడ వీధి దాటి వచ్చింది. కత్తెర నడుముకే ఉంది. చీర బొడ్లో దోపి స్టూలెక్కింది.

"ఏడ్వకే పిల్లా. నువ్వు ఏడిస్తే గోడ తడైతది, టేపంటదు."

ఏడుస్తూనే నవ్వాను. మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్క సందు లేకుండా అంటించింది. తలుపు కింద తడి తువ్వాలు ఎలా దోపాలో చూపించింది. తన ఇల్లు సాయంత్రం చేసుకుంది. అంటే నా తర్వాత. ఆ నెలన్నరా సైరన్ మోగినప్పుడల్లా, మగవాళ్ళు డ్యూటీలో ఉంటే, ఆవిడ మా గదిలోనే నా పక్కన కూర్చుంది. మాస్కు పెట్టుకుని, అందులోంచే వాళ్ళత్తగారి మీద చాడీలు చెప్పేది. ఆ మాస్కులోంచి సగం మాటలు వినపడేవి కాదు, అయినా నేను ఊ కొట్టేదాన్ని. మా అమ్మ పక్కన ఉన్నా నాకంత ధైర్యం వచ్చేది కాదు. ఇది అబద్ధం కాదు కాబట్టి రాస్తున్నాను. మంచిది మంచిదే.

యుద్ధం అయిపోయింది. అందరూ కిటికీల టేపులు పీకి పారేస్తుంటే, ఆవిడ కూరగాయల ట్రాలీ తోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది. షీట్లు మడతలు పెట్టింది. వాడకుండా మిగిలిన టేపు చుట్టలు గాజుల్లా చేతికి తొడుక్కుని వచ్చింది. "ఈపారి దయ్యాలకు కరువు లేదు" అంది.

నిజంగానే ఆ అక్టోబరులో కాంపౌండంతా మా దయ్యాలే. ఊపిరి పోకుండా అంటించుకున్న షీట్లను చీల్చి దయ్యాల అంగీలు కుట్టాం. నల్ల చెత్తసంచులతో గబ్బిలాలు చేశాం. అన్నిటికన్నా పెద్దది హాలు పక్కన కాంపౌండు గోడ దగ్గర పెట్టిన మనిషంత బొమ్మ. "మీ ఆయనది పాత కవరాల్ ఉంటే తేరాదే" అంటే తెచ్చిచ్చాను. అందులో చించిన కాగితాలు కూరాం. తలకాయకు దిండు గలేబు. మొహం నేనే గీశాను, రెండు రోజులు కూర్చుని. అంత భయంకరమైన మొహం నా జన్మలో మళ్ళీ గీయలేదు. కమిటీవాళ్ళు దాన్ని కర్రకు కట్టి, హాలు వైపు చూసేటట్టు, గోడ మీదికి తలా భుజాలూ వచ్చేటట్టు నిలబెట్టి వెళ్ళారు. వెనకనుంచి చూస్తే ఏదో ఎండబెట్టిన బట్ట అనుకుంటారు, అంతే.

గురువారం మధ్యాహ్నం మేమిద్దరం దాన్ని చూడ్డానికి వెళ్ళాం. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"తప్పు గదనే. దిష్టిబొమ్మ మొఖం ఇంటి దిక్కు పెడ్తరా ఎవలన్న?"

"ఇది దిష్టిబొమ్మ కాదు కదక్కా, హాలోవీన్ బొమ్మ."

"ఏ బొమ్మయితేంది? దిష్టి బయటికెల్లి వస్తది గని లోపట్నుంచి వస్తదా? అసలే లడాయి అయిపోయి ఇప్పుడిప్పుడే సల్లగున్నం. నిచ్చెన పట్టు."

పట్టాను. నాకూ సబబుగానే తోచింది, దాచడమెందుకు! మా ఊళ్ళో ఏ గడప ముందు చూసినా బొమ్మ వీధి వైపే చూస్తుంది. ఆవిడ నిచ్చెనెక్కి, కట్లు విప్పి, బొమ్మను గోడ అవతలి రోడ్డు వైపు తిప్పి, మళ్ళీ గట్టిగా ముడులేసింది. దారం పంటితో కొరికింది. దిగి వచ్చి చేతులు దులుపుకుని, "ఇగ ఎవని కండ్లు పడ్తయో పడనియ్యి" అంది. ఇద్దరం నవ్వుకుంటూ ఇళ్ళకు వెళ్ళాం.

మరునాడు శుక్రవారం. ఆ రోడ్డు మీదుగానే జనం మసీదుకు వెళ్ళేది. గోడ మీదనుంచి నాలుక చాపి తమ వైపే చూస్తున్న విగ్రహం కనిపిస్తే వాళ్ళకెలా ఉంటుందో, గోడ బయటికి ఏదీ కనపడకూడదన్న కట్టడి ఎందుకో మాకిద్దరికీ తట్టనే లేదు. దిష్టిబొమ్మ అంటే ఏమిటో మాకు తెలుసు, వాళ్ళకెందుకు తెలుస్తుంది? ఎవరో ఫిర్యాదు చేశారు.

శనివారం పొద్దున మమ్మల్ని హాలుకు పిలిపించారు. బొమ్మను అప్పటికే దించి నేల మీద పడుకోబెట్టారు. కాంపౌండు సెక్యూరిటీ ఆఫీసరు, బయటినుంచి వచ్చిన ఇంకో పెద్దమనిషి, మాటలు చెప్పడానికి ఒక పాకిస్తానీ గుమాస్తా. లోపల ఉన్నంతసేపూ తప్పు లేదు, దాన్ని రోడ్డు వైపు తిప్పిందెవరో కావాలన్నారు. గుమాస్తా ఉర్దూలో అడిగాడు. ఆవిడకు ఆ భాష బాగా వచ్చు.

"యే బచ్చీ సాబ్. నయీ హై, ఇస్కూ మాలూమ్ నై" అంది.

నాకు హిందీ అంతంతమాత్రం. కానీ వేలు చూపించిన చోట ఉన్నది నేనేనని తెలియడానికి భాషెందుకు? ఈ పిల్ల చేసింది, కొత్తది, దీనికి తెలియదు. ఆఫీసరు కవరాల్ జేబు మీద కుట్టిన నంబరు చూసి రాసుకున్నాడు. అది మా ఆయన నంబరు. బట్ట మాది, మొహం నాది. తిప్పింది మాత్రం ఆవిడ.

నేనెందుకు నోరు తెరవలేదని మా ఆయన తర్వాత వందసార్లు అడిగారు. ఆవిడ ఇంకో మాట అంటుందని చూశాను, అందుకు. 'గీసింది ఈ పిల్ల, తిప్పింది నేను' అంటుందని, ఇప్పుడంటుంది, ఇప్పుడంటుందని ఆవిడ నోటి వంకే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ నా వైపు చూడలేదు. రిబ్బను ముడి సవరించుకుంటూ ఉంది. ఈలోగా కాగితం మీద రాసుకోవడం అయిపోయింది. వాళ్ళు వెళ్ళిపోయారు.

నా ఇకామా, అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే కార్డు, మా ఆయన ఇకామాకు కట్టేసి ఉంటుంది. నేనేం చేసినా జవాబు చెప్పాల్సింది ఆయనే. ఉద్యోగం పీకలేదు, దయతలిచారు. కుటుంబాన్ని దగ్గర ఉంచుకునే ఫ్యామిలీ స్టేటస్ తీసేశారు. ఆయనకు దేశం అవతలి ఒడ్డునున్న యాన్బుకు బదిలీ, బ్యాచిలర్ క్యాంపులో గది. నాకు ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం వదిలి పొమ్మని. పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి.

ప్రయాణం ముందు రోజు మధ్యాహ్నం ఆవిడ వచ్చింది, పెట్టెలు కట్టడానికి! ఎంత తెగువ! తాడు తీసుకుని, మోకాలు ఆనించి, నా పెట్టెలన్నీ కట్టింది. అలాంటి ముడులు ఎవరూ వెయ్యలేరు, రాజమండ్రిలో వాటిని కత్తితో కొయ్యాల్సొచ్చింది. చివరి పెట్టె అయ్యాక దాని మీదే కూర్చుంది.

"నువ్వు చిన్నదానివే. ఇయ్యాల కాకుంటే రేపు మల్ల వస్తవ్. మా ఆయనకు గుండె బాగలేదు. మమ్ముల తోలితే గీ దవాఖాన ఏడ దొరుకుతది మాకు? నువ్వే చెప్పు."

"నాకు ముందే చెప్పి ఉండాల్సింది అక్కా. ఒక్క మాట అడగాల్సింది."

ఆవిడ మిగిలిన తాడు చుట్ట చుట్టింది. "అడిగితే నువ్వు కాదంటవేమోనని బయమైందే" అంది.

నేను కాదనేదాన్నా? ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వేసుకున్నానో ఆ ప్రశ్న. నా గది కిటికీలకు టేపు వేసిన చెయ్యి పట్టుకుని అడిగితే, ఆ నింద నేనే నెత్తినేసుకునేదాన్నేమో. లేకపోతే ఛీ పొమ్మనేదాన్నేమో. ఏం చేసేదాన్నో నాకే తెలియకుండా చేసింది. దానికే నాకు ఎక్కువ కడుపుమంట.

ఆయన యాన్బులో, నేను అత్తగారింట్లో, ఇంకో నాలుగేళ్ళు. మళ్ళీ క్యాసెట్లు. ఏడాదికి ఒక నెల మొగుడు. ఇరవై ఆరు నుంచి ముప్ఫై దాకా నా వయసు అలా పోయింది. తర్వాత ఆయన ఆ ఉద్యోగం మానేసి వచ్చేశారు, హైదరాబాదులో స్థిరపడ్డాం. ఒకసారి ఎవరిదో పెళ్ళిలో ఆవిడ కనిపించింది. పరుగున వచ్చి కావిలించుకుంది, పక్కవాళ్ళకు "నా చెల్లె" అని చెప్పింది. నేను కొయ్యలా నిలబడ్డాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి, తప్పు తెలిసిందిలే, లోపల కాలుతూనే ఉంటుందిలే అనుకున్నాను. అప్పటినుంచీ నాకు ఆ ఊహే ఊరట. నేను నాలుగేళ్ళు అనుభవించాను, ఆవిడ జీవితమంతా అనుభవిస్తుంది అనుకునేదాన్ని.

పెద్దకర్మ రోజున వెళ్ళాను. మా ఆయన రానన్నారు, నేనే వెళ్ళాను. హాల్లో ఫోటోకు దండ. గుండె బాగాలేదన్న ఆ పెద్దాయన, తొంభైకి దగ్గర పడ్డవారు, కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయనకంటే ఆవిడే ముందు పోయింది. కూతురు ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. చుట్టాలందరికీ నన్ను చూపించింది.

"ఈ ఆంటీనే. అమ్మ ఎప్పుడు చెప్తుండె గదా! సౌదీల పోలీసులు ఈ ఆంటీని పట్టుకపోతమని వస్తే, అమ్మ అడ్డం పడి, చిన్నపిల్ల సాబ్ దీనికేం తెల్వదని బతిమిలాడి ఇడిపించిందట. పోయే ముందు ఆస్పత్రిల గూడ నర్సులకు గదే చెప్పింది."

అందరూ నా వైపు ఆప్యాయంగా చూశారు. ఒక పెద్దావిడ దండం కూడా పెట్టింది.

కాలలేదు ఆవిడ. ఒక్క రోజు కూడా కాలలేదు. నన్ను కాపాడాననుకుంటూ, అందరికీ చెప్పుకుంటూ, హాయిగా బతికింది. హాయిగా పోయింది.

"అడ్డం పడలేదమ్మా" అన్నాను. "ఆ బొమ్మను తిప్పింది మీ అమ్మ. నేను నిచ్చెన పట్టుకున్నాను. అడిగితే నన్ను చూపించింది."

కూతురు తండ్రి వైపు తిరిగింది. ఆ పెద్దాయన తల పైకెత్తలేదు, కాదనీ అనలేదు. ఆ అమ్మాయికి అర్థమైంది. పట్టుకున్న నా చేతులు మెల్లగా వదిలేసింది.

"ఇప్పుడెందుకాంటీ ఇయన్ని?" అంది. మర్యాద మర్చిపోకుండా, "అన్నం తినిపోండి" అంది.

లోపల బంతి వేశారు. విస్తళ్ళు పరుస్తున్న చప్పుడు వినపడుతోంది. ఆవిడ పేరున పెట్టే అన్నం తినకుండా గడప దాటితే ఎంత తప్పో నాకు తెలియక కాదు. చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వచ్చేశాను.